లేవద్దన్న మాట

ఆదివారం, కేసముద్రం

తెలంగాణ కోసం ఇవాళ మార్కెట్ రోడ్డు మీద వంటావార్పు. ఇంట్లో ఒంటరిగా వదల్లేక నా బిడ్డ రజితనూ తీసుకుపోయాను. ఇరవై ఆరేళ్లొచ్చినా బుద్ధికి అది చిన్నపిల్లే. అన్నం వండే పెద్ద గంజు పక్కన కూర్చోబెట్టి, "నేనొచ్చేదాక లేవకు బిడ్డా" అని చెప్పి నీళ్లకు పోయాను.

తిరిగి వచ్చేసరికి పోలీసులు లాఠీలతో దిగారు. జనమంతా చెల్లాచెదురయ్యారు. రోడ్డు మధ్యలో గంజు, దాని పక్కన నా బిడ్డ, అంతే. ఒక కానిస్టేబుల్ లెమ్మని అరుస్తూ లాఠీతో గంజును కొట్టాడు. రజిత చెవులు మూసుకుంది గానీ కదల్లేదు.

"మా అమ్మ లేవద్దన్నది" అంటోంది ఏడుస్తూ.

బిందె పారేసి అడ్డం పడ్డాను. "కొట్టకు సారూ! నేను చెప్తేనే లేస్తది."

ఇరుగుపొరుగుతో ఎన్నిసార్లు గొప్పగా చెప్పుకున్నానో ఆ మాట! ఇవాళ అదే చెప్పి బతిమాలాను.

నేను లెమ్మనగానే లేచి కొంగు పట్టుకుంది. "నేను లేవలే గదనే అమ్మా" అని మెప్పు కోసం నా మొహంలోకి చూసింది. మంచిదానివి అన్నాను. ఇంకేమనాలి?

ఇప్పుడు పక్కనే నిద్రపోతోంది. పొద్దున కూడా నేను పిలిస్తేనే లేస్తుంది. నేను పిలవలేని పొద్దు వస్తే...