ముందు ఎవరికి పరీక్ష

రావులపాలెం,
నవంబర్ 3.

ప్రియమైన శ్రీవారికి,

మీ తులసి నమస్కారాలు. ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏంటని నవ్వుకుంటారని తెలుసు. అక్కడ మీ రొయ్యపిల్లల హేచరీ గదిలో ఎనిమిది మంది, ఇక్కడ అత్తయ్య గారి మంచానికీ మన గదికీ మధ్య ఒక చెక్క తలుపు. ఈ మాటలు ఫోనులో ఎలా చెప్పను? వీరబాబు అన్నయ్య అరటి లారీ తుని మీదుగా వెళ్తోందంటే, మీకు పంపే పళ్ళ సంచిలో ఈ కవరు పెట్టాను.

అత్తయ్య గారు నన్ను రాజమండ్రి తీసుకెళ్ళడానికి రోజు ఖాయం చేశారు. ఇరవై ఏడో తారీఖు. మత్తిచ్చి, బొడ్డు దగ్గర చిన్న కన్నం పెట్టి, గొట్టం దించి గర్భసంచి చూస్తారట. పెళ్ళయి నాలుగేళ్ళయింది, ఇంక ఆగేది లేదన్నారు. నాకు భయమల్లా ఒక్కటే. నా బీఈడీ అయ్యేదాకా ఏడాదిన్నర పిల్లలు వద్దనుకుని మాత్రలు వాడాం కదా, అవి నా కడుపుని ఎండగట్టేశాయేమో అని. అవి ఆపేసిన దగ్గర్నుంచీ ఈ మాట నాలోనే ఉంది. మీతో కూడా అనలేదు.

మొన్న ధైర్యం చేసి మన ఊరి ఏఎన్ఎం నర్సు సత్యకుమారి గారిని అడిగేశాను. ఆవిడ పకపకా నవ్వారు. "మాత్ర ఆపేశాక దాని పని అయిపోద్దమ్మా. నెలో రెండు నెలలో అటూ ఇటూ అయినా అండం మళ్ళీ మామూలుగా విడుదలవుద్ది. ఎండిపోడానికి అదేమైనా చెరువా?" అన్నారు. రెండున్నరేళ్ళ బరువు ఆ నవ్వుతో దిగిపోయింది.

తర్వాత ఒక కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. గర్భసంచి మన పిడికిలంతే ఉంటుందట. దానికి అటూ ఇటూ బాదం పప్పంత అండాశయాలు రెండు. నెలకొక అండం, అది బతికేది ఒక్క రోజు. ఇదంతా టెన్త్‌లో మార్కుల కోసం చదివానే గానీ నా ఒంటి సంగతని చదవలేదు. అన్నిటికంటే వింత ఏంటంటే, నేను మా అమ్మ కడుపులో ఉన్నప్పుడే ఆ అండాలన్నీ నాలో తయారైపోయాయట. అంటే నేను ఏ అండంలోంచి వచ్చానో అది మా అమ్మమ్మ కడుపులో కొన్నాళ్ళు ఉందన్నమాట! అమ్మమ్మని నేను కళ్ళతో చూడలేదు. ఆ మాట విన్నాక సబ్‌సెంటర్ మెట్ల మీద చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

చివర్లో ఆవిడ, "మీ ఆయనకి పరీక్ష చేయించారా?" అని అడిగారు. లేదన్నాను. "మగాళ్ళ పరీక్షకి మత్తూ అక్కర్లేదు, కోతా అక్కర్లేదు. ముందు చెయ్యాల్సింది అది. అందరూ ఆడపిల్లనే ముందు ఆపరేషన్ బల్లెక్కిస్తారు" అన్నారు.

చేయించుకుంటారా అండీ? కోపం తెచ్చుకోకండి.

మీ
రామతులసి


తుని దగ్గర, హేచరీ నుంచి,
నవంబర్ 9.

ప్రియమైన తులసికి,

నీ అరటిపళ్ళు గదిలో నిమిషంలో ఖాళీ అయ్యాయి. ఉత్తరం మాత్రం ఎవరి కంటా పడకుండా పంపుహౌస్ వెనక్కి వెళ్ళి చదువుకున్నాను. మాత్రల దిగులు ఇన్నాళ్ళు ఒక్కదానివే మోశావా, పిచ్చిదానా? వాటిని మెడికల్ షాపు నుంచి తెచ్చింది నేను. తప్పయితే సగం నాది కాదా?

మీ అమ్మమ్మ సంగతి చదివితే నాకూ ఒళ్ళు జలదరించింది. ఇక్కడ తల్లి రొయ్య ఒక్కసారికి లక్షన్నర గుడ్లు పెడుతుంది. మర్నాడు తొట్టి పక్కన లైటు పెడితే పుట్టిన పిల్లలన్నీ వెలుగు వైపు పొగలా లేస్తాయి. ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాను, ఆ కాసేపూ ఇప్పటికీ పని ఆపి చూస్తాను. మరి నీకు నెలకొక్కటే, అదీ ఒక్క రోజే! అంత అపురూపమని నాకేం తెలుసు?

ఇక పరీక్ష. దానికి రాజమండ్రి దేనికి? నేను చదివింది ఐటీఐ ఫిట్టరే అయినా, మైక్రోస్కోపులో రోజూ మగ రొయ్యల వీర్యం చూసి మంచి చెడ్డా చెప్పేది నేనే. మొన్న మధ్యాహ్నం ల్యాబులో ఎవరూ లేనప్పుడు తలుపు గడియ పెట్టి, నాది నేనే తీసి, అలవాటు ప్రకారం ఒక చుక్క సముద్రపు నీళ్ళతో పలచన చేసి చూశాను. రాయడానికి సిగ్గుగా ఉంది, నువ్వు కాబట్టి రాస్తున్నాను. ఉన్నాయి తులసీ, తోకలతో సహా! రొయ్యలవి ఎలా కదలకుండా బుద్ధిగా పడుంటాయో అచ్చం అలాగే పడున్నాయి. నాకే లోపమూ లేదు.

కాబట్టి నువ్వు భయపడకుండా అమ్మతో వెళ్ళిరా. ఆ రోజుకి సెలవు అడుగుతాను, ఇస్తారో ఇవ్వరో. ఆరోగ్యం జాగ్రత్త.

నీ
గణేష్‌బాబు


రావులపాలెం,
నవంబర్ 14.

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం చదివి ముందు సంతోషించాను, తర్వాత ఏడ్చాను. మీలో లోపం లేదంటే అది నాదేగా.

ఎందుకైనా మంచిదని సత్యకుమారి గారి దగ్గరికి వెళ్ళాను. మిగతాదంతా చేత్తో మూసి, ఆ నాలుగు లైన్లు మాత్రం చూపించాను. తిట్టుకోకండి. ఆవిడ రెండుసార్లు చదివారు.

"కదల్లేదా?" అన్నారు.

"రొయ్యలవి కదలవంటండి" అన్నాను.

"మీ ఆయన రొయ్య కాదమ్మా."

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. మగ రొయ్య తన వీర్యాన్ని పొట్లంలా తల్లి రొయ్య ఒంటికి అంటించేస్తుంది కాబట్టి ఈదాల్సిన పని లేదేమో, మనుషులవి మాత్రం ఈది తీరాలన్నారు. దారి జానెడు ఉంటుందట. గర్భసంచి మెడ దాటాలి, సంచి దాటాలి, అండం దిగే గొట్టంలో పైకి వెళ్ళాలి. కోట్లలో బయలుదేరితే అక్కడిదాకా చేరేవి కొన్ని వందలు. అండం ఇంకా రాకపోతే ఐదు రోజుల దాకా లోపలే బతికి ఎదురు చూడగలవట. అండం లోపలికి వెళ్ళేది మాత్రం ఒక్కటే. అది వెళ్ళగానే అండం ఇంక రెండోదాన్ని రానివ్వదు. ఏమండీ, మనం కబుర్లు చెప్పుకుని నిద్రపోయాక కూడా నాలో అంత ప్రయాణం జరుగుతూ ఉండేదన్నమాట! అది తలచుకుంటే నా ఒళ్ళంటే నాకే గౌరవం వేస్తోంది.

ఇప్పుడు అసలు మాట. మీవి నిజంగానే కదలకపోయినా నాకు మీరు వీసమెత్తు తగ్గరు. అది మీరు నమ్మాలి. కానీ మీరు సరైన ల్యాబులో పరీక్ష చేయించుకునేదాకా నేను ఆ బల్ల ఎక్కను. నేను ఎక్కువ పట్టుబట్టే మనిషిని కాదని మీకు తెలుసు. దీనికి మాత్రం పట్టు వదలను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మీ
తులసి


రావులపాలెం,
నవంబర్ 25.

ఏమండీ,

వీరబాబు అన్నయ్య లారీ మూడుసార్లు వెళ్ళొచ్చింది. మూడుసార్లూ ఉత్త చేతులే. ఫోను చేస్తే "పనిలో ఉన్నాను" అని పెట్టేస్తున్నారు.

రాజమండ్రి వెళ్ళాల్సింది ఎల్లుండే. అత్తయ్య గారు సంచి సర్దేశారు. నేను రానని చెప్తాను. ఎందుకో చెప్పను. మొండిదాన్నని, పిల్లలంటే ఇష్టం లేనిదాన్నని అనుకుంటే అనుకోనివ్వండి. మీ మాట మాత్రం నా నోటి నుంచి రాదు.

ఒక్క ముక్కయినా రాయండి.

తులసి


హేచరీ,
నవంబర్ 26.

నా తులసికి,

నీ ఉత్తరం ఈ పొద్దున్నే అందింది. వీరబాబు ఖాళీ లారీతో వెంటనే వెనక్కి వస్తున్నాడు, సాయంత్రానికి ఇది నీ చేతిలో ఉంటుంది.

కోపం వచ్చిన మాట నిజం. నీ మీద, ఆ నర్సమ్మ గారి మీద, చివరికి రొయ్యల మీద కూడా. మూడు రోజులు మైక్రోస్కోపు వైపు తల తిప్పలేదు. తర్వాత భయం వేసింది. ఇరవై రెండున ఒక రోజు సెలవు పెట్టి రాజమండ్రి వెళ్ళాను. అంత దూరం వచ్చి ఇంటికి రాలేదు. నీ ముఖం చూసే ధైర్యం లేకపోయింది, క్షమించు.

ల్యాబులో జ్ఞానప్రకాశం గారని పెద్దాయన. నా సొంత పరీక్ష సంగతి చెప్పాను. తల పట్టుకున్నాడు. "సముద్రపు నీళ్ళు కలిపావా? ఆ ఉప్పుకి బతుకుతాయా నాయనా? నీ చేత్తో నువ్వే చంపుకుని చూశావు" అన్నాడు. నాదీ అదే పని కదాని చివరికి తన మైక్రోస్కోపులో చూడనిచ్చాడు.

తులసీ, కదులుతున్నాయి. నా ఒంట్లోంచి వచ్చినవి, ఎవరూ తోలకుండా, ఎటు వెళ్ళాలో ఎవరూ చెప్పకుండా, తోకలాడిస్తూ పోతున్నాయి! లక్షల పిల్లల్ని చూసిన కళ్ళు ఇవి. అయినా నీళ్ళు తిరిగి ఏమీ కనపడలేదు. పెద్దాయన పక్కకి వెళ్ళి నించున్నాడు.

కానీ తక్కువ ఉన్నాయి. మిల్లీలీటరుకి కనీసం కోటిన్నర ఉండాల్సిన చోట నలభై లక్షలే. ఒక్కసారితో తేల్చకూడదు, మళ్ళీ చూడాలన్నారు. అక్కడే డాక్టరు గారు పరీక్ష చేసి, వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బి ఉన్నాయన్నారు. దానివల్ల అక్కడ వేడి పెరుగుతుందట. వీర్యకణాలు తయారవడానికి ఒంటి వేడి కన్నా రెండు మూడు డిగ్రీలు తక్కువ కావాలట. అందుకే దేవుడు ఆ సంచిని బయట పెట్టాడట! తొట్టిలో ఒక్క డిగ్రీ పెరిగితే పరుగెత్తే వాణ్ణి, నా సంగతి నాకు తెలియలేదు చూడు. మగతనానికీ ఈ లెక్కకీ సంబంధం లేదు, సిగ్గుపడొద్దని కూడా చెప్పారు. రెండో పరీక్ష కూడా ఇలాగే వస్తే చిన్న ఆపరేషన్, డిసెంబర్ పద్దెనిమిదిన. ఫలితం తెలియడానికి నెలలు పడుతుంది. చాలామందికి పెరుగుతాయి, అందరికీ పెరగవు. నీకు అబద్ధం చెప్పను.

రేపు ఏడింటికి, మీరు బయలుదేరే లోపే, అమ్మకి నేనే ఫోను చేసి చెప్తాను. నా తరఫున నువ్వు తిట్లు తినడం ఇంక చాలు. నువ్వు అమ్మ దగ్గర ఉండు.

నీ
గణేష్


రావులపాలెం,
నవంబర్ 29.

ప్రాణం కన్నా ఎక్కువైన మీకు,

మీరు ఫోను పెట్టేశాక ఏం జరిగిందో మీకు తెలియాలి. అత్తయ్య గారు "ఊఁ" అని మాత్రమే అన్నారని మీరు దిగులు పడి ఉంటారు.

అప్పటికి ఆవిడ పట్టుచీర కట్టుకుని, సంచి భుజానికి తగిలించుకుని ఉన్నారు. ఫోను స్పీకర్‌లో ఉంది. "అమ్మా, లోపం నాలోనే ఉంది, తులసిని బల్లెక్కించొద్దు" అని మీరన్న మాట అరుగు మీద కాఫీ తాగుతున్న మామయ్య గారికీ వినపడింది. అత్తయ్య గారు సంచి దించి గుమ్మంలో కూలబడ్డారు. నన్ను తిడతారనుకున్నాను.

"మగాళ్ళకీ పరీక్ష ఉంటదా?" అని అడిగారు. ఉంటుందన్నాను. "ఎన్నాళ్ళ నుంచి ఉంది?" ఎప్పటి నుంచో ఉందన్నాను.

సంచి పక్కకి జరిపి అన్నారు. "వీడికి ముందు నాకు తొమ్మిదేళ్ళు పిల్లల్లేరే. మా అత్తగారు నన్ను మూడుసార్లు బల్లెక్కించారు. మూడోసారి మత్తు సరిగ్గా ఎక్కలేదు. అన్నీ తెలుస్తానే ఉన్నాయి. పిల్లలు పుట్టాలంటే ఆడది ఎక్కాల్సిన బల్లే అనుకున్నాను. నిన్నూ అందుకే ఎక్కిద్దామనుకున్నాను. ఇంకో దారుందని నాకెవరు చెప్పారు?"

మామయ్య గారు గ్లాసు కింద పెట్టారు. "మత్తు ఎక్కలేదని నాతో ఎప్పుడూ అన్లేదేంటి?"

"మీరు బయట టీ తాగుతున్నారు కదండీ."

అంతే అన్నారు, గొంతు కూడా పెంచలేదు. ముప్ఫయి ఏళ్ళుగా ఆవిడ లోపల ఉన్న మాట అది. నాలుగేళ్ళుగా నేను భయపడుతున్న మనిషిని ఆ పొద్దున మొదటిసారి చూశాను. ఈవిడ ఇన్నేళ్ళు ఎలా నవ్వారు, ఎలా వండి పెట్టారు, ఆ బల్ల మీంచి లేచొచ్చి మిమ్మల్ని ఎలా కన్నారు? వెళ్ళి ఆవిడ పాదాలు పట్టుకున్నాను. ఆవిడ నా తల ఒళ్ళో పెట్టుకున్నారు. ఇద్దరం ఏడ్చాం. పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేవలేదు.

రాజమండ్రి ప్రయాణం ఆగిపోయింది. మీ ఆపరేషన్ రోజు మీ పక్కన తనే కూర్చుంటానని, మత్తు సరిగ్గా ఎక్కిందో లేదో తనే అడుగుతానని నిన్న అత్తయ్య గారు తేల్చి చెప్పేశారు. మామయ్య గారు తటపటాయిస్తూ, "నేనూ వస్తాను" అన్నారు.

ఆవిడ ఆయన వైపు చూసి, "రండి. ఈసారి లోపలికి రండి" అన్నారు.

మీ రాక కోసం చూస్తూ,
మీ తులసి