ఖాకీ బట్టలు దులిపిన రాములమ్మ వీలునామా

2025 సెప్టెంబర్ 14, ఆదివారం నాడు, ఎల్‌బీ నగర్‌లోని మా ఇంటి ముందు గదిలో కూర్చుని, సిమెంటు రేకుల కంపెనీలో పనిచేసి రిటైరైన గోపయ్య భార్యను, అరవై ఒక్క ఏళ్ల రాములమ్మను, నా చేత్తో నేను రాసుకుంటున్న వీలునామా.

నా బుద్ధి స్థిరంగా ఉంది. ఊపిరే స్థిరంగా లేదు. నాలుగు వాక్యాలు రాస్తే ఒకసారి ఆగాల్సి వస్తోంది. ఆగిన చోట అక్షరం వంకర పోతే, దాన్ని పట్టుకుని ఈమెకు మతి సరిగా లేదని ఎవరూ వాదించకూడదు. నన్ను రాయమని ఎవరూ బలవంతం చేయలేదు. నా కొడుకు మహేందర్ అయితే "గివన్నీ ఇప్పుడెందుకమ్మా" అని నిన్నటి నుంచి మూతి ముడుచుకుని తిరుగుతున్నాడు. తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుందని, ఇద్దరు సాక్షులుంటే చాలని వకీలు చెప్పాడు. నేను పదో తరగతి పాసయ్యాను. నా భర్తకు చదువు రాదు. పెళ్లయినప్పటి నుంచి మా ఇంటికి వచ్చిన ఏ కాగితమైనా, కరెంటు బిల్లు నుంచి పెళ్లి పత్రిక దాకా, చదివే పని నాదే. అందుకని ఇది కూడా నేనే రాస్తున్నాను.

పంపకాల కంటే ముందు నా జబ్బు గురించి రాయాలి. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పలుచని పొరకు క్యాన్సర్ వచ్చింది. మీసోథీలియోమా అంటారు. ఆ పేరు పలకడం మా ఇంట్లో నాకొక్కదానికే వచ్చు. సిమెంటు రేకుల్లో కలిపే ఆస్‌బెస్టాస్ దుమ్ము వల్ల వస్తుంది, దుమ్ము లోపలికి పోయిన ముప్పై, నలభై ఏళ్లకు బయటపడుతుంది. నేను కంపెనీ గేటు లోపల ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. మా ఆయన అక్కడ ఇరవై తొమ్మిదేళ్లు పనిచేశాడు. ఆయన ఖాకీ బట్టలు రోజూ తెల్లటి దుమ్ముతో ఇంటికి వచ్చేవి. దులపకుండా నానబెడితే బకెట్ అడుగున బురద పేరుకునేది. అందుకని రోజూ సాయంత్రం వాటిని పెరటి గోడకేసి కొట్టి దులిపేదాన్ని.

ఇక పంపకాలు.

1. నా పేరు మీద రిజిస్టరైన వంద గజాల స్థలం, అందులో కింద రెండు స్లాబు గదులు, పైన ఒక రేకుల గది. నా తర్వాత నా భర్త బతికినంత కాలం ఈ ఇంట్లోనే ఉండాలి. పై గది కిరాయి ఆయనే తీసుకోవాలి. "మా కాడ ఉందువు రా నాయినా" అని ముద్దుగా పిలిచి ఈ ఇంటికి తాళం వేసే ఆలోచన ఎవరికీ రాకూడదు. ఆయన తర్వాత ఇల్లు మహేందర్‌కు, సంతోషికి సమానంగా చెందుతుంది. ఆడపిల్లను పెళ్లి చేసి పంపాం కదా అనేవాళ్లు ఉంటారు. పంపింది పిల్లను, పిల్ల వాటాను కాదు.

2. పై గది కప్పు. అవి కంపెనీలో పక్కన పడేసిన రేకులు, మా ఆయన అడిగి తెచ్చినవి. కదలకుండా, పగలకుండా ఉన్న రేకు కింద పడుకున్నంత మాత్రాన హడలిపోవాల్సిన పని లేదని క్యాన్సర్ దవాఖాన డాక్టరమ్మ చెప్పింది. కోసినప్పుడు, రంధ్రం వేసినప్పుడు, పగలగొట్టినప్పుడు, పాతబడి పొడి రాలినప్పుడే ప్రమాదం. మహేందర్ నా రిపోర్టు విని "సుత్తె తీస్కొని ఒక్క పూటల కూలగొడ్త" అని పైకి ఎక్కాడు. కాళ్లు పట్టుకుని దింపినంత పని చేశాను. సుత్తి వద్దు. తెలిసిన పనివాళ్లను పిలిపించాలి. రేకులను నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, పగలకుండా దించాలి. మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టి, ఎక్కడ వేయాలో మునిసిపాలిటీ వాళ్లను అడిగి అక్కడే వేయాలి. ముక్కుకు జేబురుమాలు కాదు, ఆ పనికి తగ్గ మాస్కు పెట్టుకోవాలి. కింద రాలిన పొడిని చీపురుతో ఊడవకూడదు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను కూడా అందులోనే చుట్టేయాలి.

3. నా ఆడపడుచు అరుణమ్మకు. నా ఛాతీలో మొదటిసారి నీరు చేరినప్పుడు అందరూ టీబీ అన్నారు. మన దగ్గర నీరు చేరితే ముందు అదే అనుకుంటారు, డాక్టర్లను నేను తప్పు పట్టను. ఆరు నెలలు ఆ మందులు మింగాను. తీసిన నీరు తీసినట్టే మళ్లీ చేరింది. ఆ ఆరు నెలల్లో అరుణమ్మ ఇంట్లో శుభకార్యానికి పోతే, అందరికీ స్టీలు గ్లాసుల్లో నీళ్లిచ్చి నాకు కాగితం గ్లాసులో ఇచ్చింది. తాగాక దాన్ని కర్రతో తోసి అవతల పడేయించింది. నేను మరిచిపోలేదు, మరిచిపోయినట్టు నటించాను. ఇప్పుడు మా రేకులు తీస్తే ఊళ్లో బర్రెల కొట్టం మీదికి తనకు ఇమ్మని అడుగుతోంది. అరుణమ్మా, నీ మీద నాకు కోపం ఉన్న మాట నిజమే, కానీ ఆ రేకులు ఇచ్చేంత కోపం లేదు. నా ఆకుపచ్చ కంచిపట్టు చీర నీకు రాస్తున్నాను. మొదటి నుంచి నీకు దాని మీద కన్నుంది.

4. నా కూతురు సంతోషికి నా కుట్టు మిషన్. దిల్‌సుఖ్‌నగర్ షాపులకు దీని మీద ఎన్ని జాకెట్లు కుట్టానో లెక్క లేదు. తొక్కేటప్పుడు ఎడమ వైపు కొంచెం గట్టిగా తొక్కాలి. మిషన్ సొరుగులో ఒక కాగితం పెట్టాను. నీకు తొమ్మిదేళ్లు వచ్చే దాకా నాయిన చొక్కా ఒక చివర నువ్వు, ఒక చివర నేను పట్టుకుని దులిపేవాళ్లం. దుమ్ము లేస్తే నవ్వేదానివి. అది ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా జరిగిందో అందులో రాశాను. ఏ జబ్బుకు, ఏ డాక్టర్ దగ్గరికి పోయినా ముందు ఆ కాగితం చూపించు. నీకు వస్తుందని కాదు. నాతో పోలిస్తే నీ ప్రమాదం చాలా తక్కువట. కానీ ఆయాసం వచ్చినా, ఛాతీలో నీరు చేరినా, నాకు పోయినట్టు నీకు ఆరు నెలలు వృథాగా పోకూడదు.

5. మహేందర్‌కు నా మెడలోని రెండు వరుసల గొలుసు. దాంతో పాటు ఒక ఆజ్ఞ. నా వైద్యం గురించి చెల్లెలితో కొట్లాడొద్దు. పక్కటెముకల మధ్య చిన్న రంధ్రం చేసి, కెమెరా గొట్టం పంపి, పొర ముక్క తీసి పరీక్షిస్తే గానీ నా జబ్బు తేలలేదు. ఆపరేషన్ చేసే దశ దాటింది. మూడు వారాలకొకసారి సెలైన్‌లో మందు ఎక్కించారు. మొదటి నాలుగుసార్లూ పనిచేసింది, కొంచెం ఊపిరి ఆడింది. తర్వాత జబ్బు పెరిగింది. ఇమ్యునోథెరపీ అని ఇంకో మందు ఉందని, కొందరికి కొన్ని నెలలు కలిసొస్తాయని, నా ఒంటికి అది తట్టుకోవడం కష్టమని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. వద్దన్నది నేను. ఎవరో నాటువైద్యుడు చెట్టు వేరు మందు ఇస్తాడని విని నువ్వు పొద్దున నాలుగింటికి పోయి వరసలో నిలబడి తెచ్చావు. నీ ప్రేమ నాకు తెలుసు, అందుకే చెప్పకుండా పారబోశాను. నొప్పికి ఇచ్చే మార్ఫిన్ ఆపొద్దు. అలవాటవుతుందని భయపడొద్దు, అలవాటు పడేంత కాలం నా దగ్గర లేదు. చివర్లో గొట్టాలు వేయొద్దు. దీనికి వేరే కాగితం ఉండాలంటే అది కూడా రాయించి ఆస్పత్రి ఫైల్లో పెట్టాను.

6. నా భర్త గోపయ్యకు. ఈ అంశం ఎలా రాయాలో తేల్చుకోవడానికి రెండు రోజులు పట్టింది.

ముందు చూసిన డాక్టర్లందరూ నేను ఏం పని చేస్తానని అడిగారు. కుట్టుపని అంటే రాసుకున్నారు. క్యాన్సర్ దవాఖానలో డాక్టరమ్మ ఒక్కతే మా ఆయన ఏం పని చేసేవాడని అడిగింది. ఆయన నా ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకుని పక్కనే కూర్చున్నాడు. రేకుల కంపెనీ అని చెప్పాడు. బట్టలు ఎవరు ఉతికేవాళ్లని ఆమె అడిగింది. మెట్రోలో ఇంటికి వచ్చేటప్పుడు నా పక్కన సీటు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

ఆ రోజు నుంచి తన బట్టలు తనే ఉతుక్కుంటున్నాడు. అన్నం సగమే తింటున్నాడు. ఆయనకు దగ్గు ఉంది, మెట్లు ఎక్కితే ఆయాసం, అయినా బీడీ మానలేదు. నా జబ్బును ముందే పట్టుకునే నమ్మకమైన పరీక్ష ఇంకా లేదట. కానీ ఈ దుమ్ము, బీడీ కలిస్తే ఊపిరితిత్తి లోపల వచ్చే క్యాన్సర్ ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుందని, దాన్ని స్కాన్‌లో మొదట్లోనే చూస్తే తీసేసే వీలుందని డాక్టరమ్మ చెప్పింది. రమ్మంటే రాడు. "అమ్మను సంపినోనికి స్కాన్ ఎందుకు బిడ్డా" అని సంతోషితో అన్నాడట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

వచ్చే బుధవారం పొద్దున తొమ్మిదింటికి స్కాన్‌కు ఆయన పేరు రాయించాను. స్కాన్ చేయించుకుంటేనే ఇంట్లో హక్కు అని షరతు పెడదామనుకున్నాను. అలాంటి షరతు నిలుస్తుందో లేదో చెప్పలేనన్నాడు వకీలు. అందుకని షరతు బదులు నిజం రాస్తున్నాను.

7. 1997 వానాకాలంలో ఒక సాయంత్రం, కంపెనీ గేటు దగ్గర ఎవరో పంచిన కాగితాన్ని ఆయన మడిచి జేబులో పెట్టుకుని వచ్చాడు. "జర సదువు, ఏం రాసిండ్రో" అని నా చేతికిచ్చాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత క్యాన్సర్ వస్తుందని, పని బట్టలు ఇంటికి తీసుకుపోవద్దని, పిల్లల దగ్గరికి అసలే రానివ్వొద్దని అందులో రాసి ఉంది. మొత్తం మనసులో చదువుకున్నాను. ఆయన ఎదురుగా నిలబడి ఉన్నాడు. క్యాంటీన్ గురించి మీటింగ్ అట అని చెప్పి, కాగితాన్ని పొయ్యిలో పెట్టాను.

ఆ ఏడే ఈ ఇంటికి పునాది తీశాం. మహేందర్ ఏడో తరగతి, సంతోషి నాలుగు. నిజం చెబితే ఆయన మర్నాడే పని మానేసే మనిషి. పర్మినెంట్ ఉద్యోగం పోతే మళ్లీ ఊరికి పోయి కూలికి నిలబడాలి. అన్ని ఏళ్ల తర్వాత వచ్చే జబ్బు కదా, అప్పటికి చూద్దాం అనుకున్నాను. సంతోషీ, ఆ మర్నాడు చొక్కా పట్టుకోవడానికి పరుగెత్తుకొస్తే నిన్ను కొట్టి లోపలికి పంపాను. ఎందుకు కొట్టానో నీకు ఇప్పుడు తెలుస్తుంది. నేను మాత్రం కొంగు ముక్కుకు చుట్టుకుని దులిపాను. ఆ దుమ్మును కొంగు ఆపదని ఆ కాగితంలో రాయలేదు.

కాబట్టి నన్ను చంపింది ఆయన కాదు. తెలియక తెచ్చింది ఆయన, తెలిసి దులిపింది నేను. ఆ తర్వాత పదిహేడేళ్లు రోజూ సద్ది కట్టి ఆయనను ఆ దుమ్ములోకి పంపింది కూడా నేనే. నాకు సిగ్గుగా ఉంది. ఆయన దగ్గు విన్నప్పుడల్లా భయంగా ఉంది. ఆయన తనను తాను తిట్టుకోవడం మాని నన్ను తిట్టాలి, నాతో మాట్లాడకపోయినా సరే, బుధవారం మాత్రం స్కాన్‌కు పోవాలి.

8. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత సంతోషిది. ఆస్తి పొందేవాళ్లు సాక్షులుగా ఉండకపోవడం మంచిదన్నారు కాబట్టి, మా ఆయనతో పాటు అదే కంపెనీలో పనిచేసిన లింగస్వామిని, పక్కింటి ఇంద్రాణి గారిని పిలిచాను. మామూలుగా ఇలాంటివి మనిషి పోయాక చదువుతారు. ఇది అలా వద్దు. సంతకాలు కాగానే, ఈ రోజే, ఇంద్రాణి గారు నా భర్తకు దీన్ని మొత్తం చదివి వినిపించాలి. ఒక్క మాట కూడా మింగకూడదు. చదివేటప్పుడు నేను ఆయన ఎదురుగానే కూర్చుంటాను. చచ్చి తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు.

పైన రాసినదంతా నా ఇష్టపూర్వకంగా, నా సొంత దస్తూరీతో రాసి సంతకం చేశాను.

ఎల్‌బీ నగర్, 14-09-2025
(సంతకం) రాములమ్మ

సాక్షులు:
1. (సంతకం) లింగస్వామి, రిటైర్డ్ కార్మికుడు
2. (సంతకం) ఇంద్రాణి, రిటైర్డ్ టీచర్

ఈ రోజు సాయంత్రం నాలుగు గంటలకు పై వీలునామా మొత్తాన్ని గోపయ్య గారికి చదివి వినిపించాను. రాములమ్మ గారు ఎదురుగా కూర్చున్నారు. విన్నాక ఆయన తన మాట కూడా కింద రాయమన్నారు. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఇంద్రాణి.

"ఆ దినం ఆమె సదివేటప్పుడు నేను కాయితం జూడలే, ఆమె మొకం జూసిన. క్యాంటీన్ ముచ్చటకు మొకం గట్ల గాదు. మర్నాడు గేటు కాడ ఇంకో కాయితం తీస్కొని గీ లింగస్వామితోనే సదివిచ్చుకున్న. ఇంట్ల చెప్తె పనికి పోనియ్యదని చెప్పలే. ఎరుకై గూడ బట్టలు ఇంటికే తెచ్చిన. ఇన్నేండ్లు ఇద్దరం ఒక్కదాన్నే దాసుకున్నం. బుధవారం పోత. ఆమె ఎంబడి ఒస్తనే పోత."

(వేలిముద్ర) గోపయ్య