లేని వేలి మీది మచ్చ

బ్రిటన్ ఉత్తరపు గోడ కాపలా పటాలం దళాధిపతి గారి సముఖమునకు, రోము చక్రవర్తి వారి సిపాయి, ఫ్రియాట్టో కుమారుడు విరిల్లో వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఇరవై ఐదేళ్ళ కొలువు ముగిసి రెండేళ్ళు గడిచినను విడుదల ఇవ్వకపోవుట గురించి.

1. నన్ను చేర్చుకున్ననాడు ఆనవాలు కొరకు ఒంటి మీది మచ్చ వ్రాసుకున్నారు: "ఎడమచేతి చిటికెన వేలిపై కొడవలి గాటు." అది నిజమే.

2. సదరు వేలు ఇప్పుడు లేదు. యుద్ధములో పోయినదని వ్రాస్తే గౌరవముగా ఉండేది గాని, తమ స్నానశాలకు రాళ్ళు దించుచుండగా నలిగిపోయినది. వైద్యుడు కోసి పారవేసినాడు. దాచిపెట్టమని అడిగే బుద్ధి నాకు అప్పుడు లేకపోయినది.

3. విడుదల కొరకు వెళ్ళగా తమ లేఖకుడు సెనీలిస్ గారు మచ్చ చూపమన్నారు.

"వేలే లేదు గదయ్యా" అన్నాను.

"అయితే మచ్చా లేదు. మచ్చ లేకపోతే ఆ విరిల్లోవి నువ్వు కాదు. పో, పో."

అయ్యా, పదేళ్ళు ఒకే గుడారములో పడుకున్నాము. నా గురకకు చెప్పు విసిరిన మనిషి ఆయన.

4. కొలువులో ఉన్నంతకాలం సిపాయికి పెళ్ళి లేదని తమరికి తెలియనిది కాదు. కోట బయటి గుడిసెలో వెడిక అనే ఈ దేశపు మనిషి పంతొమ్మిదేళ్ళుగా నాకు బార్లీ గంజి కాచిపోస్తున్నది. తమ దస్త్రములో ఆమె నాకు ఏమీ కాదు. విడుదలతో ఇచ్చే కంచు రేకు మీద పేరెక్కితేనే భార్య. తొలి మంచు కురిసిన నాటి నుండి ఆమె నెత్తురు దగ్గుతున్నది.

5. మొన్న అడిగింది: "ఏమయ్యా, నేను పోతే నన్ను ఎవరి పెళ్ళామని పూడుస్తారు?" దీనికి ఏ నిబంధన క్రింద జవాబు చెప్పవలెనో తెలియజేయ గోరుచున్నాను. నాకు ఏడుపు వచ్చినది. అది కూడా ఇందుమూలముగా మనవి చేయడమైనది.

కావున తమరు ఈ అర్జీని, దానితోపాటు నా ఎడమచేతిని కూడా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
విరిల్లో (నాకు తెలిసినంతవరకు)

తా.క.: ఈ ఉదయం హాజరులో శతాధిపతి గారు "విరిల్లో! మరుగుదొడ్ల కాలువ!" అని పిలిచారు. ఇరవై ఏడేళ్ళ అలవాటు, "ఉన్నా!" అని అరిచాను. ఎవరూ మచ్చ అడగలేదు. కాలువ కడిగి వెళ్ళి చెబితే వెడిక పడీపడీ నవ్వింది, దగ్గు ముంచుకొచ్చినా ఆపలేదు. అయ్యా, నేనెవరినో తరువాత తీరిగ్గా తేల్చుకోండి. ముందు ఆమెను నా భార్య అని వ్రాయించండి, చదివి చెబితే ఆమె వినగలిగి ఉండగానే.