కాశింబీ బిందె

బుధవారం

పొద్దున చేసిన పని మనసులోంచి పోవడం లేదు.

ట్యాంకర్ హారన్ వినగానే రెండు బిందెలూ తీసుకుపోయి వరసలో పెట్టాను. నాదొకటి, పక్కింటి కాశింబీదొకటి. పన్నెండేళ్లుగా మా ఇద్దరిలో ఎవరు ముందు లేస్తే వాళ్లు రెండూ పెట్టడం అలవాటు. కాశింబీని తర్లుపాడు రోడ్డు ఖబరస్తాన్‌కు తీసుకుపోయి పదకొండు రోజులైంది. నిద్రమత్తులో ఆ మాటే మర్చిపోయాను.

వెనకున్న రమణమ్మ వదిన అడిగింది. "ఆ నీలం బిందె ఎవురిది?"

"కాశింబీది" అనేశాను.

వదిన మెల్లగా అంది. "మనిషే లేకపాయె, బిందెకు వరసేంది తల్లీ? నీళ్లు చివరిదాకా అందేటట్టు లేవు. తియ్యి."

ఆమె తప్పేమీ లేదు. ఇంట్లో ఇద్దరు పసిబిడ్డలు. తీశాను. తీసీ తీయకముందే వెనక బిందె ఆ చోట్లోకి జరిగింది.

నేను ఆపరేషనై ఒంగోలులో ఇరవై రోజులున్నప్పుడు నా బిందెనూ ఇట్లాగే తీయమన్నారట. కాశింబీ వీధంతా వినపడేటట్టు అరిచిందట. "అది వస్తది! యాడికి పోతది? వచ్చిందాకా దాని బిందె ఈడ్నే ఉంటది!" రోజూ నింపి మా పిల్లలకు పోసింది.

దాని బిందె కోసం నేను ఒక్క మాటా అనలేకపోయాను.

ఏమని అనేదాన్ని? వస్తదనా?