మసక ఫోటో

బుధవారం, ఏలూరు

కప్పుల మీద ఎవరి ఫోటో వాళ్లే పెట్టుకుని ఆర్డర్ ఇచ్చేలా మా ప్రింటింగ్ షాపుకి నేను చేసిన వెబ్‌సైట్ మొదలై వారమైంది. ఇవాళ కలిదిండి నుంచి ఒకావిడ బస్సులో వచ్చారు.

"ఏవండీ, నాలుగు రోజుల నుంచి మీ వెబ్‌సైట్‌లో ఫోటో పెడుతున్నానండీ. బాగోలేదని తీసుకోవట్లేదు."

ఫోన్ చూశాను. చేపల చెరువు గట్టు మీద వాళ్లాయన. గ్రూపు ఫోటోలోంచి కత్తిరించింది, మొహం మసకగా ఉంది. ప్రింట్ చెడితే మాట పడాల్సి వస్తుందని, అలాంటివి తీసుకోకుండా వెబ్‌సైట్‌కి అడ్డం పెట్టింది నేనే.

"ఇంకోటి ఉంటే ఇవ్వండి," అన్నాను.

"ఆయనకి ఫోటో దిగడం ఇష్టం ఉండేది కాదండీ. పోయిన నెల చెరువు దగ్గర మోటారు షాక్ కొట్టి పోయారు. ఇదొక్కటే ఉంది. మసకగా ఉన్నా పర్లేదండీ. ఆయన మొహం నాకు తెలుసు కదా," అన్నారు.

దగ్గరుండి ప్రింట్ వేసి ఇచ్చాను. ఆవిడ ఆ మొహాన్ని వేలితో తడిమి చూసుకుని, కప్పు కొంగులో చుట్టుకుని వెళ్లారు.

సాయంత్రం ఆ అడ్డం తీసేశాను. తీశాక వెబ్‌సైట్ లెక్కలు చూస్తే, ఈ వారంలో తమ ఫోటో తీసుకోకపోవడంతో ఆర్డర్ మధ్యలోనే వదిలేసినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. బస్సెక్కి వచ్చి అడగనివాళ్లు. కాదన్న ఫోటోల్ని వెబ్‌సైట్ దాచి ఉంచదు. అవి ఎవరివో, ఇక నాకు తెలిసే దారి లేదు.