పదిహేడో నంబరు ఇల్లు, తమ ఆఫీసు గోడ

సమాచార రక్షణ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా మేనకోడలి చిరునామా తమ ఆఫీసు గోడకు వేలాడుతుండుట, దానిని దింపించుట గురించి.

సినిమా హాలు గేటు దగ్గర ముప్పై ఏళ్లు టికెట్లు చింపి, ప్రస్తుతం ఏమీ చింపకుండా కూర్చున్న ముసలివాడు మనవి చేసుకొనునది ఏమనగా:

1. మా మేనకోడలు చెయ్యి చేసుకునే మొగుణ్ణి వదిలి వచ్చి, మా మేడ గదిలో తలదాచుకున్నది. ఒంటరి మహిళల సహాయానికి తమ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోగా మంజూరైనది. దానితోపాటే ఆమె ఫోటో, ఫోను నంబరు, 'ఇంటి నంబరు పదిహేడు' అన్న వివరమూ ఆఫీసు బయటి గోడకెక్కినవి. పారదర్శకత అట. గోడలు కూడా పారదర్శకంగా ఉంటాయని ఈ వయసులో తెలుసుకున్నాను.

2. తీసేయమని అడగగా గుమాస్తా గారు, దరఖాస్తులో సమ్మతి సంతకం ఉన్నదనీ, సమాచార రక్షణ చట్టంలో ప్రభుత్వ పథకాలకు మినహాయింపు ఉన్నదనీ సెలవిచ్చారు.

"అసలు చట్టం చదివారా తాతగారూ?" అన్నారు.

"చదివాను బాబూ. మీరు మీ గోడ చదివారా?" అన్నాను.

పోనీ, ఆ కాగితం అంటించినది ఎవరని అడిగితే, ఉద్యోగి పేరు వ్యక్తిగత సమాచారమనీ, బయటపెట్టరాదనీ అన్నారు.

3. నేను బడికి పోయింది తక్కువ. అయినా గ్రంథాలయంలో మన చట్టాన్నీ, మానవ హక్కుల సంఘం వారి సమాచార భద్రతా ప్రమాణాల పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకుని భూతద్దంతో చదివాను. చట్టం "సంతకం ఉందా?" అని అడుగుతుంది. ప్రమాణాలు "ఇది బయటపడితే దెబ్బ తగిలేది ఎవరికి?" అని అడుగుతాయి. చట్టం గుట్టు రట్టయ్యాక జరిమానా వేస్తుంది, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు. ప్రమాణాలు అక్కర్లేనిది చూపించనే వద్దంటాయి.

ఈ రెండో పద్ధతి నాకు కొత్త కాదు. హాల్లో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో ఊరంతటిలో నాకొక్కడికే తెలుసు. ఒకసారి ఒక ఇల్లాలు వచ్చి, వాళ్లాయన లోపల ఉన్నాడా అని అడిగింది. చీకట్లో మగవాళ్లంతా ఒకేలా ఉంటారమ్మా అన్నాను. ఆవిడ తనూ ఒక టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్లింది. ఆ తర్వాత జరిగినది వేరే అర్జీకి సరిపోతుంది.

4. అసలు సంగతి. గోడ చదువుకున్న మొగుడు గారు పోయిన వారం మా వీధికి దయచేశారు. పదిహేడో నంబరు ఎక్కడని అడిగితే, ఇస్త్రీ బండి ఆయన ఊరి చివరిదాకా దారి చెప్పి పంపాడు. మళ్లీ వస్తాడని తెలిసి, వీధివారందరం ఆ మధ్యాహ్నమే నంబరు పలకలు ఒకరివొకరు మార్చి బిగించుకున్నాం. అనుకున్నట్టే వచ్చి పదిహేడో నంబరు తలుపు తట్టాడు. తీసినది కుస్తీ నేర్పే పహిల్వాన్.

"రా అల్లుడూ, నీకోసమే చూస్తున్నా" అన్నాడట. అల్లుడు ఆగలేదు.

5. ఖర్మకాలి, తర్వాత అదే తలుపు తట్టినది తమ తనిఖీ ఉద్యోగి. అసత్య చిరునామా ఇచ్చినందున సహాయం ఎందుకు ఆపరాదో తెలుపమని నోటీసు వచ్చింది. అదీ పహిల్వాన్‌కే అందింది, ఆయనే తెచ్చిచ్చాడు. చదివి మా మేనకోడలు ఒకటే మాట అన్నది:

"సాయం పోతే పోయింది మామయ్యా. ముందు ఆ కాగితం పీకించు."

అయ్యా, ఆ పిల్ల గది కిటికీ తెరవడం మానేసింది. ఇది ఏ సెక్షను కిందికి వస్తుందో రెండు పుస్తకాల్లోనూ నాకు దొరకలేదు.

కావున ఆ కాగితం తీయించి, నోటీసు రద్దుపరచి, మా మేడ గది కిటికీ తిరిగి తెరుచుకొను మార్గము చూపగలందులకు ప్రార్థించుచున్నాను.

తమ విధేయుడు
(పేరు వ్యక్తిగత సమాచారము)

తా.క.: జవాబు ఎక్కడికి పంపాలా అని శ్రమపడవద్దు. ఆ కాగితం పీకి, గోడ మీద ఆ చోటు ఖాళీగా వదలండి. దాన్నే జవాబుగా చదువుకుని, ఎవరి పలకలు వాళ్లం బిగించుకుంటాం. అంతవరకు తమరు ఎవరిని పంపినా తలుపు తీసేది పహిల్వానే.