ముత్యాలరేవులో సర్ఫు

ముత్యాలరేవు, అండమాన్

పెద్దమ్మ భాగీరథికి, పెద్దబాపు రాజమౌళికి చిరంజీవి నమస్కారాలు.

క్షేమంగా చేరాను. ఇక్కడ ఫోను పలకదు, వారానికోసారి వచ్చే పడవే మన టపా. సూరత్ పక్కన సచిన్ ఊళ్లో బట్టల మిల్లులో పట్టుకున్న దగ్గు ఇక్కడి గాలికి మాయమైంది. సర్ఫ్ క్యాంపులో పని దొరికింది. పొద్దస్తమానం సర్ఫే! దానికోసం విదేశాల నుంచి విమానాలెక్కి వస్తున్నారు.

అసలు సంగతి. సముద్రానికి ఆనుకుని ఒక స్థలం అమ్మకానికుంది. తెల్లారగానే వెళ్లి చూశాను, మల్లెపూవులాంటి ఇసుక. పెద్దబాపు ఎలాగూ మగ్గాలు మానేస్తానంటున్నాడు కదా. రెండు గదులు వేసుకుంటే ఒకటి మీకు, ఒకటి అద్దెకు.

మీ చిరంజీవి

తా.క.: ఇప్పుడు బోర్డు మీద పడకుండా నిలబడగలుగుతున్నాను.

పాండేసర, సూరత్

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి వినిపిస్తే పెద్దబాపు అన్నం పళ్లెం పక్కకు జరిపాడు. ఏ పనీ తక్కువది కాదు నాయనా. కానీ మీ అమ్మ పోయాక నిన్ను డిప్లొమా చదివించింది విదేశీయుల బట్టలుతకడానికా? అయినా బట్టలుతికించుకోవడానికి విమానమెక్కే మనుషులెవరు? "ఉప్పునీళ్లల్ల సర్ఫు కలిపితే నురుగొస్తదా? పోరనికి జర సమజ్ చెయ్యి" అంటున్నాడు ఆయన. స్థలం సంగతి తర్వాత చూద్దాం.

నీ పెద్దమ్మ

తా.క.: చేతులు పగులుతాయి, కొబ్బరినూనె పంపుతున్నాను. ఇస్త్రీ బోర్డు మీద నిలబడకు. దాని కాళ్లు గట్టివి కావు.

ముత్యాలరేవు

హాస్యాల పెద్దమ్మకు చిరంజీవి వందనాలు.

నీ వేళాకోళం చదివి వినిపిస్తే క్యాంపంతా పడీ పడీ నవ్వింది. ఇస్త్రీ బోర్డట! మా బోర్డుకు కాళ్లుండవు. దాన్ని మన కాలికే తాడుతో కట్టేస్తారు. నురుగు సంగతంటావా, ఇక్కడున్నంత నురుగు నువ్వు జన్మలో చూసి ఉండవు. అరవై దాటిన ఆడవాళ్లు కూడా వస్తున్నారు, మీ ఇద్దరికీ నేనే నేర్పిస్తాను. స్థలం ఆసామి తొందరపెడుతున్నాడు, త్వరగా రాయండి.

మీ చిరంజీవి

తా.క.: నిన్న మా ఓనరు వాషింగ్ మెషిన్లో పడ్డట్టే గిరగిరా తిరిగి, ఇసుక కక్కుకుంటూ లేచాడు. భలే నవ్వుకున్నాం.

పాండేసర

నాయనా చిరంజీవీ,

నేను వేళాకోళమాడలేదు. మనిషి మెషిన్లో పడితే నవ్వే చోట నువ్వు ఒక్క పూట కూడా ఉండొద్దు. కాలికి తాడు కట్టి పని చేయిస్తున్నారా? ముసలాళ్లను కూడా వదలరా? "పోరనికి ఏందో మత్తు పెట్టిన్రు, లేకుంటే గిట్ల సంబురంగ రాస్తడా?" అని పెద్దబాపు లుంగీ మీదే రైలు స్టేషన్‌కు బయలుదేరాడు. ప్యాంటు వేసుకోమని వెనక్కి తెచ్చాను. టిక్కెట్లు దొరకగానే వస్తున్నాం. స్థలానికి బయానా ఇవ్వకు.

పెద్దమ్మ

తా.క.: వేళ్లన్నీ ఉన్నాయో లేదో చూసుకుని నిజం రాయి.

ముత్యాలరేవు

పెద్దమ్మా,

వేళ్లన్నీ ఉన్నాయి! సర్ఫ్ అంటే సబ్బుపొడి కాదు, పలక మీద నిలబడి అలల మీద జారే ఆట! మెషినూ లేదు, మత్తూ లేదు. ఈ వయసులో మీరు ఓడ ఎక్కొద్దు. ఈ పడవకు ఉత్తరం వేస్తున్నాను, వచ్చే పడవకు నేనే బయలుదేరి వచ్చి అంతా చెబుతాను.

చిరంజీవి

ముత్యాలరేవు

పాండేసర గదిలో కూర్చుని మాకోసం ఎదురుచూస్తున్న చిరంజీవికి పెద్దమ్మ దీవెనలు.

వారం పడవ కోసం ఆగలేక మేం ఎక్కిన అద్దె పడవ రేవులోకి వస్తుంటే ఎదురు పడవలోంచి అరుస్తూ చేతులూపింది నువ్వేనట కదా. పెద్దబాపు కళ్లజోడు సంచిలో ఉంది. "గీ ఊరి పోరగాండ్లు ఎంత మంచోళ్లే! మనకు సలాం చేస్తున్రు" అని తనూ ఊపాడు.

దిగగానే నీ స్థలం చూడబోయాం. మధ్యాహ్నమైంది. నీళ్లు తప్ప ఏమీ లేవు. "సాయంత్రానికి సముద్రం వెళ్లిపోతుందండీ" అన్నాడు ఆసామి. "గప్పటిదాంక మేం ఏడుండాలె, కొబ్బరిచెట్టు మీదనా?" అన్నాడు పెద్దబాపు. బేరం అక్కడితో ఆగింది.

సర్ఫంటే ఏమిటో అప్పుడే కళ్లారా చూశాం. నీ గురించి బెంగంతా తీరి నాకు ఏడుపొచ్చింది. అంతలో పెద్దబాపు కళ్లజోడు సవరించుకుని లేచి, "అగో, గా పిల్ల మునుగుతున్నది!" అని గావుకేక పెట్టాడు. ఒడ్డున ఎవరికీ కనబడలేదు. కుర్రాళ్లు ఈదుకెళ్లి ఆ విదేశీ అమ్మాయిని లాక్కొచ్చారు. ఊపిరి అందగానే ఆమె ఆయన చెయ్యి పట్టుకుని వదలలేదు. ఇన్నేళ్లు మగ్గాల మధ్య తిరుగుతూ తెగిన పోగు కోసం వెతికిన కళ్లు కదా. ఆ మోతకు చెవులు మందగించాయి గానీ చూపు ఆయనకే ఉంది. ఆ రాత్రి ఆయన మాటిమాటికీ "బతికింది కదనే" అని నన్నడిగాడు.

ఒడ్డున కూర్చుని సముద్రాన్ని చూడటానికి మనిషి కావాలని ఓనరు ఆయన్ను ఉండమన్నాడు. ఈల, గొడుగు, ఎర్రటోపీ ఇచ్చాడు. భోజనం, గది వాళ్లవే. మేం ఇప్పట్లో రాము.

నీ పెద్దమ్మ

తా.క.: చెప్పాపెట్టకుండా వెళ్లావని ఓనరు నీ పేరు కొట్టేశాడు. పెద్దబాపుకిచ్చింది నీ ఉద్యోగమే, నీ గదే. బాధపడకు, పెద్దబాపు నీకోసం గట్టిగా సిఫారసు చేస్తానంటున్నాడు.